పిడికిట్లో ఐదు నిమిషాలు

సోమవారం

వదినగారికి,

నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. మీరు ఎప్పుడూ అడిగే రెండు ప్రశ్నలకూ జవాబు అయిపోయింది కాబట్టి మిగతా కాగితమంతా నాది. ఫోన్లో అయితే మీరు మాట్లాడతారు, నేను ‘ఊఁ’ అంటాను, మీ వెనక ఐస్‌క్రీమ్ దుకాణంలో మిక్సీ మోగుతుంది. ఇది ‘ఊఁ’తో తేలే సంగతి కాదు.

మీ చెల్లి పోయి పదకొండు నెలలయింది. మా సంస్థలో ఆమెది అంటూ మిగిలింది నాలుగో నంబరు ఫ్రీజరులో మూడో అర ఒక్కటే. ఈ ఉదయం పెద్దాయన పిలిచి దాన్ని ఖాళీ చేయమన్నాడు. పెద్దాయన అంటే ఆమె పనిచేసిన ప్రయోగశాలకు అధిపతి. ఈ నెలాఖరుకు పత్రికవాళ్లకు ఉత్తరం రాస్తున్నాడట. మీ చెల్లి పేరు మొదట వేసి అచ్చయిన ఆ ఒక్క వ్యాసాన్నీ వెనక్కి తీసుకుంటున్నామనీ, ఆమె చూపించిన ఫలితం నమ్మదగింది కాదనీ. నాకు ముందుగా చెప్పడం మర్యాద అనుకున్నాడు. కుర్చీ కూడా చూపించాడు. నేను కూర్చోలేదు.

మా చెల్లి అక్కడ ఏం చేస్తుందయ్యా అని మీరు చాలాసార్లు అడిగారు. ‘పరిశోధన’ అని తప్పించుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒంట్లో ప్రతి కణానికీ బయటినుంచి కబుర్లు వస్తుంటాయి. పెరుగు, ఆగు, ఇక చాలు అని. ఆ కబురు కణం గోడ దగ్గరనుంచి లోపలికి చేతులు మారుతూ వెళ్తుంది. చేతులు మార్చేవి ఎంజైములు. ఎవరు ఎవరికి అందిస్తున్నారో కంటికి కనపడదు. మీ చెల్లి ఇలా చెప్పేది: “వీధిలో పుకారు ఎవరి ద్వారా పాకుతోందో తెలియాలంటే ఒకరి నోరు మూయాలి. ఆ తర్వాత ఎవరికి కబురు అందలేదో చూడాలి.” నోరు మూయడానికి చిన్న చిన్న మందులు ఉంటాయి. తాళంలో పుల్ల విరిగి ఇరుక్కున్నట్టు ఎంజైములో ఒక సందులో కూర్చుంటాయి. ఎంజైము పని ఆగిపోతుంది. కబురు అందిందా లేదా అన్నది చివర ఒక ఫిల్ము మీద కనిపిస్తుంది. అందితే నల్లటి గీత. అందకపోతే ఖాళీ.

ఆమె పట్టింది ఇదీ. ఒక కబురును మూడు ఎంజైములు పంచుకుని మోస్తాయని అందరూ అనుకునేవారు. ఆమె రవ్వంత మందుతో ఒక్క ఎంజైమును ఆపింది. గీత మొత్తం మాయమైంది. మందు కడిగేస్తే గీత మళ్లీ వచ్చింది. కబురంతా ఒక్కడి చేతి మీదుగానే పోతోందన్నమాట. పదిహేడేళ్లు పక్కవాళ్ల వ్యాసాల చివర ‘సహాయానికి కృతజ్ఞతలు’ అన్న చోట చిన్న అక్షరాల్లో ఉన్న పేరు ఒకసారి పైకెక్కింది. ఆ రోజు ఆమె వంటింట్లో గిన్నె బోర్లించి దాని మీద వాయించింది. మీకు ఫోన్ చేసింది కూడా అప్పుడే.

తర్వాత ఇంకో ఊరి ప్రయోగశాలవాళ్లు రాశారు, మేం చేస్తే గీత పోవడం లేదు అని. పెద్దాయన ఆ పని ఆపించి, ఆమె మందు ట్యూబులున్న పెట్టెకు కాగితం అంటించి సంతకాలు పెట్టించాడు. నెల తర్వాత నలుగురి ఎదుట పరీక్ష. ఆమె మీద అనుమానం కాబట్టి ట్యూబును ఆమె ముట్టుకోకూడదు. వేరొకరు ఫ్రీజరు నుంచి తెచ్చి, మందు తీసి అందించారు. గీత పోలేదు. తర్వాత ఆ ట్యూబులతో ఎవరు చేసినా పోలేదు. “ఆవిడ హస్తవాసి అలాంటిది” అన్నారు వెనకనుంచి. వైద్యుణ్ని అంటే అది మెప్పు. పరిశోధనలో అది తిట్టు. ఆమెను బల్ల దగ్గరనుంచి తీసి ఆఫీసు గదిలో కాగితాల ముందు కూర్చోబెట్టారు. రెండు నెలలు కూడా కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం తలనొప్పి అంది, అంతే. అది మీకు తెలుసు.

మీకు తెలియనిది ఇది. పరీక్షకు పదహారు రోజుల ముందు ఒక ఆదివారం. ఫ్రీజర్లు చూసే మనిషిగా ఆదివారం ఉదయం ఒకసారి వెళ్లి చుట్టి రావడం నా పని. ఆ రోజు వెళ్లలేదు. సినిమాకు వెళ్లాం. సోమవారం ఏడింటికి వెళ్తే నాలుగో నంబరులో మోటారుకు కరెంటు అందించే రిలే ఆదివారం తెల్లవారుజామునే కాలిపోయి ఉంది. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉండాల్సింది సున్నాకు ఆరు డిగ్రీలు పైన ఉంది. ఎనిమిదిన్నరకల్లా బాగుచేశాను. వేడి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒక పెన్ను గుండ్రటి కాగితం మీద గీస్తుంది. ఆ వారం కాగితం మీద గీత కొండలా పైకి లేచి ఉంది. దాన్ని తీసేశాను. కొత్త కాగితం పెట్టి చేత్తో తిప్పి వారం మొత్తానికీ చక్కటి వలయం గీయించాను. ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా.

పరీక్ష రోజు ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే నన్ను అడిగింది, “నువ్వేమనుకుంటున్నావు?” అని. నేను “భోజనం చల్లారిపోతోంది” అన్నాను.

ఆ పాత కాగితం నా పనిముట్ల సొరుగులో అడుగున ఉంది. రేపు పొద్దున్న అది పట్టుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెడతాను. మందు చెడింది నా ఫ్రీజరులో, ఆమె చేతిలో కాదు. ఉద్యోగం పోతే మీ దుకాణంలో ఫ్రీజర్లు చూసుకుంటాను. జీతం ఐస్‌క్రీమ్‌గా ఇచ్చినా అభ్యంతరం లేదు. పదకొండు నెలల తర్వాత ఇవాళ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

మీ మరిది

*

ఆదివారం

వదినా,

మీ కార్డు అందింది. తిట్లు మొత్తం లెక్కకు వచ్చాయి. “మంచుగడ్డా, ఇన్నాళ్లు కడుపులో దాచుకుని ఎలా తిన్నావయ్యా” అని రాశారు. అందుకే వేళకు తిన్నానని మీకు చెప్పాల్సి వచ్చేది.

ఇచ్చేశాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ కొండను వేలితో తడిమాడు. ఎంత సేపు వేడిగా ఉందన్నాడు. పద్దెనిమిది గంటలన్నాను. ఈ కాగితం అప్పుడే ఇచ్చి ఉంటే పరీక్షే జరిగేది కాదు తెలుసా అన్నాడు. తెలుసన్నాను. కాగితాన్ని మడిచి తన సొరుగులో పెట్టుకున్నాడు. చివరికి, నీ సంగతి కమిటీ చూస్తుంది, మందు సంగతి మాత్రం నేను చూస్తాను అన్నాడు. కేకలు వేస్తే బాగుండేది.

ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఒకటి చేశాడు. మందు సంగతి తేలేదాకా ఉత్తరం ఆపాడు. కంపెనీ నుంచి కొత్త మందు తెప్పించాడు. నా ఫ్రీజరు గాలి కూడా సోకని మందు. దాంతో చేస్తే గీత పోవాలి. పోతే మీ చెల్లి మాట నిలబడుతుంది, తప్పు నా పేరున రాసుకుంటారు. అంతకంటే నాకేం కావాలి.

చేసేది కొత్తమ్మాయి. నాలుగు నెలల కిందట చేరింది. మీ చెల్లిని చూడలేదు, ఆమె బల్ల దగ్గరే కూర్చుంటుంది. సన్నగా, నిలబెట్టిన గొడుగులా ఉంటుంది. రోజంతా తనలో తానే మాట్లాడుకుంటుంది. నన్ను బాబాయ్ అంటుంది. మీ చెల్లి పద్ధతిని ఇప్పటికే ఆరుసార్లు చేసి ఆరుసార్లూ ఓడిందట. నేను కాగితం ఇచ్చిన సంగతి విని నా గదికి పరుగెత్తుకొచ్చింది. “బాబాయ్, నాకు పని రాదనుకుని ఆర్నెల్ల నుంచి ఏడుస్తున్నాను” అంది. నాలుగు నెలలే కదా అన్నాను. “రెండు నెలలు అడ్వాన్సుగా ఏడ్చాను” అంది.

మీ చెల్లి నోటుపుస్తకాలు అటక మీద నుంచి దింపి ఇచ్చాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఏ రోజు ఎన్ని చుక్కలు, ఎన్ని నిమిషాలు, కిటికీ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కూడా రాసింది. మందు దగ్గర మాత్రం ఒకటే మాట: ‘కరిగించి, కలిపి’. అందరూ రాసేదే.

మందు బుధవారం వచ్చింది. కొత్తమ్మాయి అదే రోజు ద్రావకంలో కలిపి చిన్న ట్యూబుల్లో పోసి, ఒకటో నంబరు ఫ్రీజరులో పెట్టుకుంది. దాని తాళం నా దగ్గర లేకుండా తీసుకున్నారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక ఫ్రీజరు ముందు పరాయివాడిలా నిలబడ్డాను. ప్రయోగానికి రెండు రోజులు పడుతుంది. మంగళవారం ఫిల్ము చూస్తారు. నేను చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఇవాళ ఇల్లంతా కడిగాను. రెండుసార్లు.

మీ మంచుగడ్డ

*

మంగళవారం

వదినా,

గీత పోలేదు.

కొత్త మందు, కొత్త చేయి, వేరే ఫ్రీజరు. గీత అలాగే ఉంది, తారు పూసినట్టు. కొత్తమ్మాయి ఫిల్ము నాకు చూపించకుండా వీపు వెనక దాచింది, చిన్నపిల్లలా. అడిగితే ఇచ్చింది.

అంటే నా ఫ్రీజరు మందును చెడగొట్టలేదు. ఇది విని నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పదమూడు నెలలు మోసిన తప్పు నాది కాదని తేలింది, తేలగానే అది తిరిగి ఆమె మీద పడింది. పెద్దాయన మెత్తగానే మాట్లాడాడు. “నువ్వు చేయగలిగింది చేశావు” అన్నాడు. ఆయన ఉద్దేశం నాకు అర్థమైంది. భార్య మీద ప్రేమ కొద్దీ తప్పు నెత్తిన వేసుకున్నానని.

వదినా, మీతో కాక ఎవరితో చెప్పను. మెట్లు దిగుతూ ఒక మెట్టు మీద నేను కూడా అనుకున్నాను. నిజంగానే ఆమె... అని. వాక్యం పూర్తిచేయలేదు. కానీ మొదలుపెట్టాను. పరీక్ష రోజు కూడా అలాగే మొదలుపెట్టాను. భోజనం చల్లారిపోతోందన్నది అందుకే. అది ఫ్రీజరు భయం ఒక్కటే కాదు. ఇంతకాలం నేను ఒప్పుకోనిది ఇదే.

మూడో అర ఖాళీ చేయడం మొదలుపెట్టాను. ఆమె సొంత ట్యూబులు నూట నలభై. సంతకాల పెట్టె. వెనక మూల ఒక గాజులాంటి ప్లాస్టిక్ కప్పు, నిండా మంచు, మంచు అడుగున ఒక నాణెం. ఎందుకో తెలియదు. ఏవో దాచుకునే అలవాటు కదా. ట్యూబులు సగం తీసి ఆపేశాను. మిగతావి రేపు.

మరిది

*

శనివారం

వదినా వదినా,

రెండుసార్లు పిలిచాను. కూర్చుని చదవండి. దుకాణంలో ఎవరైనా ఉంటే కాసేపు ఆగమనండి.

బుధవారం పొద్దున్న మిగతా ట్యూబులు తీస్తున్నాను. ఒకదాని మీద చీటీ కనపడలేదు, మంచు పేరుకుంది. పారేసే ముందు దాని మీద ఏముందో చదవాలనిపించింది. పిడికిట్లో పట్టుకుని నా పనిగదిలోకి నడిచాను. నడుస్తుంటే నా ఎడమ చెయ్యి నాకే ఎక్కడో చూసినట్టు అనిపించింది. అలా పిడికిలి బిగించి, మోచెయ్యి ఒంటికి ఆనించి నడిచే మనిషిని రోజూ చూసేవాణ్ని.

మీ చెల్లి పదకొండు గంటలకు నా పనిగదికి వచ్చేది. రోజూ. ఎడమ పిడికిలి మూసుకుని. నా స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడేది. ఎవరి కుక్క పిల్లల్ని పెట్టింది, మీ దుకాణంలో ఏ యంత్రం మొరాయించింది, నేను పొద్దున్న ఏ చొక్కా గుండీ తప్పుగా పెట్టుకున్నాను. నేను స్పానరుతో నా పని చేసుకుంటూ ‘ఊఁ’ అనేవాణ్ని. ఒకసారి పిడికిట్లో ఏముందని అడిగాను. “నా కూలీ. ఐదు నిమిషాలు నీతో మాట్లాడితే కరుగుతుంది” అంది. తర్వాత లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, చేతిలోది ఊపి, వెలుతురుకు ఎత్తి చూసి, వెళ్లిపోయేది.

నాతో మాట్లాడటానికి వస్తుందనుకున్నాను, ఇరవై ఏళ్లు. అదీ నిజమే. కానీ మందు కరగడానికి కూడా వచ్చేది.

నేను కూడా ఊపి కిటికీకి ఎత్తి చూశాను. చూడండి వదినా, ఆ ద్రావకం మామూలు నీళ్ల లాంటిది కాదు. కాస్త చల్లబడితేనే గడ్డకడుతుంది, కరగడానికి తొందరపడదు. పైన కరిగినట్టే ఉంటుంది. అడుగున మందు మాత్రం ఇంకా సన్నటి నలుసుల్లా కూర్చునే ఉంటుంది. నా పిడికిట్లో మూడు నిమిషాలకు ట్యూబు తేటగానే ఉంది, వెలుతురులో చూస్తే అడుగున నలుసులు. ఐదు నిమిషాలకు లేవు.

పరుగెత్తాను. యాభై ఎనిమిదేళ్లవాణ్ని, కారిడార్లో పరుగెత్తాను. కొత్తమ్మాయిని, నువ్వు మందు ఎలా తీస్తావో చూపించమన్నాను. బెదిరిపోయింది. ట్యూబును స్టాండులో పెట్టి, చేతులు కట్టుకుని పది నిమిషాలు నిలబడి, పైనుంచి ఒక చుక్కలో వందో వంతు తీసింది. అంతే కావాలి దానికి. ఆ గది యంత్రాల కోసం ఎప్పుడూ చల్లగా ఉంచుతారు.

“అది ఇంకా కరగలేదమ్మా.”

“కరిగింది కదా బాబాయ్, నీళ్లలా ఉంది.”

“కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడు.”

చూసింది. ట్యూబును వంచి మళ్లీ చూసింది.  తర్వాత నా వైపు తిరిగి, “మేం అందరం పైన తేట తాగి అడుగున మందు వదిలేస్తున్నాం బాబాయ్” అంది.

అందరూ అంతే చేశారు. బయటి ఊరివాళ్లూ, పరీక్ష రోజు ట్యూబు తెచ్చినవాడూ. ఆమె చెయ్యి తగలకూడదని కదా ఆ పరీక్ష. తగలాల్సింది ఆ చెయ్యే. ఆమె కూడా నోటుపుస్తకంలో రాయలేదు. ‘కరిగించి, కలిపి’ అని రాసింది. కిటికీ మూసి ఉందని రాసిన మనిషి, మొగుడితో ఐదు నిమిషాలు మాట్లాడినట్టు ఎందుకు రాస్తుంది? అది పని అనుకోలేదు.

అదే రోజు మొదలుపెట్టాం. కొత్త మందు ట్యూబులు రెండు. ఒకటి కొత్తమ్మాయి పద్ధతిలో, స్టాండులో. రెండోది నా పిడికిట్లో. మీ చెల్లి పాత పెట్టెలోంచి కూడా ఒకటి తీశాం, నా ఫ్రీజరులో పద్దెనిమిది గంటలు ఉడికినది. అదీ పిడికిట్లో. ఎవరిది ఏదో తెలియకుండా పెద్దాయన స్వయంగా అంకెలు వేసి, కణాలున్న గిన్నెలకు తన చేత్తోనే అందించాడు.

శుక్రవారం చీకటి గది. ఎర్రదీపం. తొట్టిలో ఫిల్ము. మేం ముగ్గురం కోడి తన గుడ్డును చూసినట్టు దాని మీదికి వంగి ఉన్నాం. ముందు ఒక మూల గీత వచ్చింది, నల్లగా. పక్కన ఏమీ లేదు. ఆ పక్కన కూడా ఏమీ లేదు.

“బాబాయ్, మీకేమైనా కనిపిస్తోందా?”

“లేదు.”

“నాకూ కనిపించడం లేదు.”

పెద్దాయన తొందరపడలేదు. గిన్నెలో కణాలే లేకపోయినా ఖాళీగానే ఉంటుంది కదా అన్నాడు. దానికోసం కింద ఇంకో గీత చూస్తారట, మందుకు లొంగనిది. అది మూడింటిలోనూ సమానంగా ఉంది. మందు కడిగేసిన గిన్నె ఫిల్ము తర్వాత తీశారు. గీత తిరిగి వచ్చింది. మూడేళ్ల కిందట మీ చెల్లి చూపించినట్టే, అక్షరం పొల్లుపోకుండా.

పెద్దాయన జేబులోంచి అంకెల చీటీ తీసి ఎర్రదీపం కింద చదివాడు. గీత ఉన్నది స్టాండు ట్యూబు. ఖాళీగా ఉన్నవి పిడికిలి ట్యూబులు. రెండూ.

“అయితే పిన్నిదే నిజం” అంది కొత్తమ్మాయి. ఆమె ఎన్నడూ చూడని మనిషిని పిన్ని అంది.

దీపం వేశాక కూడా పెద్దాయన అక్కడే నిలబడ్డాడు. ఇవాళ సెలవైనా వచ్చి, తానే ఒకసారి చేస్తానన్నాడు. అన్నట్టే వచ్చి, పిడికిలి బిగించి నా పనిగది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఐదు నిమిషాలు ఏం మాట్లాడాలో తెలియక నన్ను వాతావరణం గురించి అడిగాడు. ఎండగా ఉందన్నాను. అవునన్నాడు. అంతటితో అయిపోయింది. ఇంకా నాలుగు ముప్పావు నిమిషాలు ఉన్నాయి. అప్పుడు ఆయన అటు తిరిగే, “ఆవిడ రోజూ ఏం మాట్లాడేది?” అన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. కుక్కపిల్లల సంగతి, గుండీ సంగతి. మధ్యలో రెండుసార్లు నవ్వాడు. చివర నవ్వలేదు.

పత్రికకు ఉత్తరం వెళ్లడం లేదు. దాని బదులు ఇంకో చిన్న వ్యాసం వెళ్తుంది, ఫలితం నిజమనీ, ట్యూబును ఒంటి వేడికి తెచ్చి పూర్తిగా కరిగిందో లేదో వెలుతురులో చూడాలనీ. మొదటి పేరు మీ చెల్లిదే. పోయినవాళ్ల పేరు పక్కన చిన్న గుర్తు వేస్తారట. ఒప్పుకున్నాను.

నా కమిటీ కూడా తేల్చింది. ఒక ప్రమోషన్ కోత, ఫైల్లో ఒక చీటీ. “ఫ్రీజరు నిర్దోషి. నువ్వు కాదు” అన్నాడు పెద్దాయన. సరైన తీర్పు.

తొందరలో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా. దుఃఖం కాదు. మీరు మిక్సీ ఆపి దుకాణంలో ఉన్న అందరికీ ఒక్కో ఐస్‌క్రీమ్ ఇవ్వండి, నా పేరున. కాదు, ఆమె పేరున.

మీ మరిది

*

గురువారం

వదినా,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల సంతోషం, ఒక పేజీ నాణెం గురించి. మొదటి మూడు ఒకసారి చదివాను. నాలుగోది ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు.

ముప్పై ఏళ్లుగా ఫ్రీజర్లతో బతుకుతున్నవాడికి ఇది తెలియకపోవడం ఏమిటని మీరు నవ్వారు. మాకు గీతలు గీసే కాగితం ఉంటుంది వదినా, నాణేలతో పని పడలేదు. కరెంటు పోయే దుకాణంలో పెరిగినవాళ్లకు తెలిసింది, మీటర్లు చూసేవాడికి తెలియలేదు. కప్పులో నీళ్లు గడ్డకట్టాక పైన నాణెం పెట్టాలి. తాళం వేసుకుని పోయిన తర్వాత ఫ్రీజరు ఆగిపోయి మళ్లీ నడిచినా నాణెం చెబుతుంది. పైనే ఉంటే సరుకు మంచిది. అడుగుకు పోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని, సరుకు పారేయాలని. పన్నెండేళ్ల పిల్లకు మీరే నేర్పారని రాశారు. “దుకాణం తెరవగానే పరుగెత్తుకెళ్లి నాణెం చూసేది నా చెల్లి” అని రాశారు.

ఆమె కప్పులో నాణెం అడుగున ఉంది.

అంటే ఆ సోమవారమే చూసింది. నేను కొత్త కాగితం మీద చక్కటి వలయం గీయించిన రోజే. తెలుసు. ఆదివారం ఫ్రీజరు చచ్చిందని తెలుసు, నేను దాచానని తెలుసు. ఆ ఆదివారం “ఒక్కసారికి నీ ఫ్రీజర్లు బెంగపెట్టుకోవులే, పద” అని నన్ను సినిమాకు లాక్కెళ్లింది తనే.

పరీక్ష తర్వాత మీకు ఫోన్ చేసి అన్న మాట కూడా రాశారు. “అక్కా, ఎందుకు చెడిందో నాకు తెలుసు. చెబితే ఒకరి కూడు పోతుంది. నా పేరు పోతే పోనీ” అందని. ఎవరో తోటి ఉద్యోగి అనుకున్నాను మరిదీ, అడగలేదు, అని రాశారు. మీరు అడగకపోవడం మంచిదే. అడిగినా చెప్పేది కాదు.

నలుగురి ఎదుట ఆమెను చివరగా అడిగారట, చెప్పుకునేది ఏమైనా ఉందా అని. ఏమీ లేదంది. కొత్త మందు తెప్పించండి అని ఒక్క మాట అనవచ్చు. ఎందుకని అడుగుతారు. అందుకని అనలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండా నన్ను మాత్రం అడిగింది, నువ్వేమనుకుంటున్నావు అని. నేను నమ్ముతున్నానో లేదో తెలుసుకోవడానికి అడిగిందని ఇన్నాళ్లు అనుకున్నాను. అది కాదు. కాగితం సంగతి చెప్పుకోవడానికి నాకు చోటు ఇచ్చింది. నేను భోజనం గురించి చెప్పాను.

కప్పు కదిలించకుండా అలాగే ఉంచింది. నాణేన్ని పైకి తీసి మళ్లీ పెట్టలేదు. ఎప్పటికైనా అడుగుతాననుకుందేమో.

తమాషా చూడండి. ఫ్రీజరు ఏ తప్పూ చేయలేదు. ఇద్దరం చెరో వైపు నిలబడి, జరగని నేరాన్ని ఒకరి దగ్గర ఒకరం దాచాం. ఎవరు ముందు నోరు తెరిచినా ఐదు నిమిషాల్లో కరిగిపోయేది. మీ చెల్లి ఈ మాట వింటే నడుము పట్టుకుని నవ్వేది. నేను కూడా నిన్న నవ్వాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి తర్వాతిది ఎవరూ చూడలేదు.

ఇక్కడి కబుర్లు. మూడో అర ఖాళీ చేయవద్దన్నారు. కొత్తమ్మాయికి ఇచ్చారు. ఆమె రోజూ పదకొండు గంటలకు పిడికిలి మూసుకుని నా పనిగదికి వస్తోంది. వేడినీళ్ల యంత్రం ఉంది కదమ్మా, ఒంటి వేడికి సరిచేసి ఇచ్చాను కదా, దాంట్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను. “యంత్రం కబుర్లు చెప్పదు బాబాయ్” అంది. ఇబ్బంది ఏమిటంటే ఈ పిల్ల తనలో తాను మాట్లాడుకుంటుందే కానీ ఎదుటివాళ్లతో మాట్లాడటం రాదు. కాబట్టి మాట్లాడాల్సింది నేను. మొన్న రెండు నిమిషాలకు సరిపడా వచ్చింది. నిన్న నాలుగు. మీ గురించి చెప్పాను. మీ దుకాణం చూడాలంటోంది.

ఇవాళ కప్పులో మంచు కరిగించాను. నాణెం తీసి తుడిచాను. నీళ్లు పోసి మళ్లీ గడ్డకట్టించి, సాయంత్రం వెళ్లే ముందు నాణేన్ని పైన పెట్టాను. ఆదివారం ఉదయం వెళ్లి చూస్తాను.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేయండి. మిక్సీ నడుస్తున్నా ఫర్వాలేదు. ఈసారి ‘ఊఁ’ అనే వంతు మీది.

మీ చెల్లి మొగుడు